చోటు మారిన నొప్పి

మా అమ్మాయి హారిక జబ్బు పడిన సంగతి రాజోలు చుట్టుపక్కల మమ్మల్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. ఒంట్లో బాగాలేదని ఇంట్లో చెప్పకుండా దాచిందనీ, అందుకే అది గుండెదాకా వచ్చిందనీ కూడా వాళ్ళకి తెలుసు. ఈ రెండో సంగతి అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. ఇప్పుడు అమ్మాయి లేచి తిరుగుతోంది, బడికి వెళుతోంది. నా మనసు కూడా కాస్త స్థిమితపడింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పిల్లలున్నవాళ్ళు చదవాలి. పిల్లల హాజరు చూసే నాలాంటి పంతుళ్ళు ముందుగా చదవాలి.

నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. పాఠం చెప్పడం కన్నా పిల్లల్ని బడికి రప్పించడంలోనే నాకు పేరెక్కువ. ప్రార్థన అయ్యాక ఎవరు రాలేదో చూసుకుని బండి తీసేవాణ్ణి. పెరట్లో ఆడుకుంటున్నవాళ్ళని, పెళ్ళికి తయారవుతున్నవాళ్ళని, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవాణ్ణి. నెలంతా ఒక్కరూ మానని తరగతి గుమ్మానికి 'నిండు తరగతి' అన్న చెక్క బోర్డు కట్టే పద్ధతి కూడా నేను పెట్టిందే. ఆ బోర్డు కోసం పిల్లలే ఒకళ్ళనొకళ్ళు ఇళ్ళనుంచి లాక్కొచ్చేవారు.

"మాస్టారి బండి చప్పుడు వింటే చాలండీ, జ్వరం పెరటి గుమ్మంలోంచి పారిపోద్ది" అని ఒక తండ్రి అన్నాడొకసారి. అది మెచ్చుకోలే అనుకున్నాను. ఇంటికొచ్చి చెప్పుకున్నాను కూడా.

దొంగ నొప్పిని పట్టుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. పిల్లవాడు కడుపునొప్పి అంటే కాదనేవాణ్ణి కాదు. ఎక్కడో వేలితో చూపించమనేవాణ్ణి. బొడ్డుకి కుడిపక్క చూపించేవాడు. తర్వాత మాటల్లో పెట్టి, గోదావరి ఎన్ని పాయలుగా చీలిందో ఇలాంటివేవో అడిగి, కాసేపాగి మళ్ళీ చూపించమనేవాణ్ణి. ఈసారి ఎడమపక్క చూపించాడా, దొరికిపోయినట్టే. నిజమైన నొప్పి చోటు మారదు, అబద్ధమే మారుతుంది. కొత్తగా చేరిన టీచర్లకి కూడా నేను ఇదే నేర్పాను.

జూలై

ఆ నెల వరదకి గోదావరి లంకలు మునిగి బడి కొన్నాళ్ళు మూతపడింది. తెరిచాక పిల్లలు సరిగ్గా రావడం లేదు. హాజరు శాతం పడిపోతోందని ప్రిన్సిపాల్ గారు రోజూ నన్ను పిలిచి అడుగుతున్నారు. అదే సమయానికి మలికిపురంలో మా అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మా ఆవిడ పద్మ ఆవిడకి సాయంగా వెళ్ళింది. ఇంట్లో నేనూ, తొమ్మిదో తరగతి చదివే హారికా మిగిలాం. అది చదివేది కూడా మా బళ్ళోనే.

ఆ రోజుల్లోనే అది గొంతు నొప్పి అంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. తగ్గింది. ఇద్దరం మర్చిపోయాం.

ఆగస్టు

ఒక సోమవారం పొద్దున మంచం మీదే కూర్చుని ఉంది.

"నాన్నా, మోకాలు నొప్పిగా ఉంది. ఇవాళ ఉండిపోనా?"

"ఏ మోకాలు?"

"కుడిది."

చెయ్యి వేసి చూశాను. కొంచెం వెచ్చగా ఉన్నట్టే అనిపించింది. కానీ ఊళ్ళో పిల్లలందర్నీ బండెక్కించే మాస్టారు తన కూతుర్ని ఇంట్లో ఉంచితే ఎలా? "బండిమీద కూర్చోడానికి మోకాలితో పనేముందే, పద" అన్నాను. వచ్చింది.

మర్నాడు ఎడం కాలి మడమ దగ్గర అంది.

"మోకాలేమైంది?"

"తగ్గిపోయింది నాన్నా."

"రాత్రికి రాత్రే?"

"ఏమో. తగ్గిపోయింది. ఇప్పుడు ఇక్కడ."

నాకు నవ్వొచ్చింది. ఇంతమందిని పట్టుకున్నవాణ్ణి, నా ఇంట్లోనే ఆడుతోంది నాటకం అనుకున్నాను. ఆ తర్వాతి రోజు మణికట్టు అంది. కంచంలో అన్నం కలుపుకోలేకపోయింది. చెంచా ఇచ్చాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. సాయంత్రం పద్మ ఫోన్ చేసి పిల్ల ఎలా ఉందని అడిగితే, "బానే ఉంది, బడి ఎగ్గొడదామని చూస్తోంది" అన్నాను. ఫోను దానికి ఇవ్వలేదు.

ఆ వారమే ప్రార్థనలో హాజరు గురించి మాట్లాడుతూ నేనొక మాటన్నాను. "మా ఇంట్లో ఒక నొప్పి ఉంది. సోమవారం మోకాల్లో ఎక్కింది, మంగళవారం మడమలో దిగింది, నిన్న మణికట్టు. పాసింజరు బస్సులా ప్రతి స్టాపులోనూ ఆగుతోంది." బడి బడంతా నవ్వింది. పేరు చెప్పలేదు కానీ నా కూతురు ఎవరో తెలియనివాళ్ళు అక్కడ లేరు. ఆరోజు మధ్యాహ్నం వరండాలో వెళుతుంటే ఒకమ్మాయి దాన్ని అడగడం నా చెవిన పడింది. "ఏ స్టాపులో ఉందే ఇవాళ?"

హారిక తరగతిలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి నాకు నొప్పి సంగతే చెప్పలేదు. పొద్దున్నే నాకన్నా ముందు తయారై కూర్చునేది. నేను గెలిచాననుకున్నాను.

పంద్రాగస్టుకి పిల్లల చేత కవాతు చేయిస్తున్నాం. హిందీ చెప్పే రమణి టీచర్ నా దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, పాప ఎగరొప్పుతోందండీ. ఓసారి చూడండి."

"ఎండకండీ. మా దాని నాటకాలు మీకు తెలీవు."

"నాటకం కాదండీ బాబూ, మొహం చూడండి, ఎలా పాలిపోయిందో."

పక్కన మరో ఇద్దరు టీచర్లు ఉన్నారు. వాళ్ళముందు నేను వెళ్ళి నా కూతుర్ని వరసలోంచి తప్పించడం నాకు కుదరలేదు. చూడలేదు. మర్నాడు అది వరండా మెట్ల దగ్గరే కూలబడిపోయింది. లేవమంటే లేవలేకపోయింది. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. ఆటో పిలిచింది రమణి టీచరే. అమలాపురందాకా అమ్మాయి తల ఆవిడ ఒళ్ళోనే ఉంది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

పిల్లల డాక్టరు గారి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. మమ్మల్ని చూసి ఎవరో ఒకామె తన వంతు ఇచ్చేసింది. "మావోడికి ఉత్త జలుబేనండీ, ముందు మీరెళ్ళండి" అంది. ఆమె మొహం కూడా నాకు గుర్తులేదు. డాక్టరమ్మ చాలాసేపు గుండె విన్నారు. కీళ్ళు పట్టి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఈమధ్య గొంతు నొప్పి వచ్చిందాండీ?"

"వచ్చిందండీ. తగ్గిపోయింది."

"ఆ తర్వాత కీళ్ళ నొప్పులు? ఒకచోట తగ్గి ఇంకోచోట మొదలవుతుంటాయి. ఇవాళ మోకాలు, రేపు మడమ, అలాగ. ఈ జబ్బు తీరే అదండి. పాప చెప్పలేదా మీకు?"

గదిలో నేనున్నాను, మలికిపురం నుంచి పరుగున వచ్చిన పద్మ ఉంది, రమణి టీచర్ ఉంది. బల్లమీద హారిక కళ్ళు తెరిచే ఉంది.

"లేదండీ" అన్నాను. "మొండిపిల్లండీ. ఏదీ పైకి చెప్పదు. దాచేసింది."

అలా ఎందుకన్నానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ముందే అనుకుని అన్న మాట కాదది. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు వచ్చేసింది. కానీ అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు నెలలు పట్టింది. రమణి టీచర్ నా మొహంలోకి చూసి తల దించుకుంది. ప్రార్థనలో నా హాస్యం ఆవిడా విన్నది. హారిక మటుకు పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయింది.

సెప్టెంబరు

గొంతు నొప్పితో మొదలై కీళ్ళకీ గుండెకీ పాకే రుమాటిక్ జ్వరం అన్నారు. గుండెలో ఒక కవాటం దెబ్బతింది, ఎంత దెబ్బతిందో చూడాలని కాకినాడ పంపారు. పరీక్ష గది బయట బల్లమీద పొద్దుటినుంచీ కూర్చున్నాం. పిలిచే పేర్లన్నీ వేరేవాళ్ళవే. మా వంతెప్పుడో అడగడానికి పద్మ లోపలికి వెళ్ళినప్పుడు నేనూ హారికా పక్కపక్కనే కూర్చున్నాం. దానితో ఏదో ఒకటి మాట్లాడాలని, "కొబ్బరినీళ్ళు తాగుతావా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. తెచ్చాను. పక్కన పెట్టుకుంది. తాగలేదు.

పెద్ద డాక్టరు గారు చెప్పింది ఇది: ఇప్పటికి గండం గడిచింది. మూడు వారాలకోసారి ఇంజక్షను, ఏళ్ళ తరబడి. అన్నిటికన్నా ముఖ్యం, మళ్ళీ గొంతు నొప్పి వస్తే ఆరోజే చెప్పాలి. ఆలస్యమైతే ఇదంతా తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ గుండె ఇంకొంచెం పాడవుతుంది.

"ఏమ్మా, ఏ కాస్త అనిపించినా నాన్నగారికి చెప్పెయ్యాలి. దాచకూడదు, తెలిసిందా?" అన్నారాయన దానితో. అక్కడికీ చేరిపోయింది నా మాట.

"ఆయ్" అంది హారిక.

ఇంటికి తెచ్చుకున్నాం. కొన్నాళ్ళు మంచం దిగకూడదన్నారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే పాట. "అంత దాపరికం ఏంటే తల్లీ?" "ఆడపిల్లవి, అమ్మకైనా చెప్పుకోవా?" మా అత్తగారు మంచంమీదనుంచే ఫోనులో, "నా తుంటి విరిగి నేనేడిస్తే మీ అమ్మ నాకోసం వచ్చిందే. నువ్వు నోరు మెదపకుండా గుండెమీదికి తెచ్చుకున్నావు" అని ఏడ్చారు. పద్మ అందరికన్నా ఎక్కువ తిట్టింది. తను ఊళ్ళో లేనన్న బాధంతా దానిమీదే పోసింది. బళ్ళో ప్రిన్సిపాల్ గారు ప్రార్థనలో, "హారికలాగా దాచుకోకండి, పెద్దలకి చెప్పండి" అని అందరికీ బోధించారు. నేను టీచర్ల వరసలోనే నిలబడి ఉన్నాను.

అమ్మాయి ఒక్కసారైనా, "నేను చెప్పేను" అనలేదు. అంటుందేమోనని మొదట్లో భయపడ్డాను. కొన్నాళ్ళకి, అంటే బాగుండునని ఎదురుచూశాను.

అక్టోబరు, నవంబరు

మూడు వారాలకోసారి ఇంజక్షనుకి రాజోలు నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఆ సూది చాలా నొప్పి పెడుతుంది, మందు చిక్కగా ఉంటుంది. నర్సు, "ఏడిచెయ్యి తల్లీ, పర్లేదు, నేనైతే గోల పెట్టేద్దును" అనేది. ఏడ్చేది కాదు. బయటికొచ్చాక కుంటకుండా నడవడానికి ప్రయత్నించేది, నేను చూస్తున్నానని. బండిమీద నా భుజం పట్టుకోవడం మానేసింది. వెనక కమ్మీ పట్టుకునేది.

ఇంట్లో రోజూ పొద్దున పద్మ టార్చిలైటు తెచ్చి, "నోరు తెరు" అనేది. గొంతు చూసేది. అది చెబుతుందన్న నమ్మకం ఆమెకి లేదు. లేకుండా చేసింది నేను. ఒకరోజు గంజి వారుస్తూ హారిక చెయ్యి కాల్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. పొక్కు చితికి, లంగాకి అంటుకుంటే పద్మ కనిపెట్టింది.

"చూసేరా? మళ్ళీ దాచింది. దీని గుణమే అంత."

నేను అన్నం తింటున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆ పిల్లకి ఆ గుణం లేదు. చీమ కుట్టినా వచ్చి చూపించేది. చెబితే నవ్వుతారని నేను నేర్పాను. ఇప్పుడు అదే గొంతు నొప్పి మళ్ళీ వస్తే ఎవరికి చెబుతుంది? ఎవరికీ చెప్పదు. చెప్పకపోతే ఏమవుతుందో పెద్ద డాక్టరు గారు చెప్పనే చెప్పారు.

ఆ రోజుల్లో ఇంట్లో ముగ్గురం ఉన్నా నాకు తోడెవరూ లేరు. వాళ్ళిద్దరూ ఒక గదిలో ఉండేవారు. నేను వెళితే హారిక మాటలు ఆగిపోయేవి. ఇక బడికి వెళ్ళి, రాని పిల్లల పేర్లు చదివి, బండి తియ్యకుండా కూర్చునేవాణ్ణి. ఇన్నేళ్ళలో కుడిపక్కా ఎడంపక్కా చూపించి నాకు దొరికిపోయిన పిల్లలున్నారు. వాళ్ళలో ఎందరు నిజం చెప్పారో నాకిక తెలిసే దారి లేదు.

డిసెంబరు

హారికకి హాజరు చాలడం లేదు. ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచారు.

"మీ అమ్మాయి సంగతి ఏదోటి చేద్దాం లెండి మాస్టారూ. మనవాళ్ళకి మనం చేసుకోకపోతే ఎలాగండీ? రానిరోజులకీ ప్రెజెంట్ వేసేద్దాం. ఎవరడుగుతారు?"

డాక్టరు సర్టిఫికెట్ పెట్టి అడగొచ్చు, కానీ ఇది సులువు. సరేనన్నాను. ఇంటికెళ్ళి, దానికి సంతోషం కలుగుతుందనుకుని చెప్పాను. అది మంచంమీద లెక్కలు చేసుకుంటోంది.

"నేను వెళ్ళలేదు కదా నాన్నా."

"వెళ్ళకపోతేనేం? అందరూ చేసేదే."

"వద్దు. ఆబ్సెంటే వెయ్యమనండి." పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది. "నేను అప్పుడు అబద్ధం ఆడలేదు. ఇప్పుడెందుకు ఆడడం?"

ఆ జబ్బు గురించి అది నాతో అన్న మాట అదొక్కటే.

నేను పెరట్లోకి వెళ్ళాను. పద్మ కొబ్బరి మట్టలు ఎండేస్తోంది. నిలబడే చెప్పేశాను. మోకాలు, మడమ, మణికట్టు, ప్రార్థనలో హాస్యం, డాక్టరమ్మ దగ్గర నేనన్నది. అంతా. ఆమె మట్ట పట్టుకునే వింది. అరుస్తుందనుకున్నాను.

"ఇన్నాళ్ళూ దాన్ని నాచేత తిట్టించేరు" అంది.

అంతే. మట్ట కింద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. లోపల తలుపేసిన చప్పుడు, తర్వాత పద్మ ఏడుపు వినిపించాయి. హారిక, "ఊరుకో అమ్మా" అంటోంది. నేను బయటే ఉండిపోయాను. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. పిలవాలని నేను అనుకోకూడదు కూడా.

పద్మ నాతో అవసరమైనవి తప్ప మాట్లాడకుండా చాలా రోజులు గడిపింది. టార్చిలైటు మాత్రం ఆ మర్నాటినుంచే బీరువాలోకి వెళ్ళిపోయింది.

హారికకి క్షమాపణ చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక, బడిలో పిల్లలు చెప్పినట్టు, నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాను. "సరే నాన్నా" అంది. మళ్ళీ పుస్తకంలోకి చూసింది. అది క్షమించిందో, నన్ను త్వరగా పంపించేద్దామనుకుందో తెలియలేదు.

జనవరి

సెలవులయ్యాక ప్రార్థనలో లేచి జరిగింది చెప్పాను. హారిక దాచలేదని, నేను నమ్మలేదని. కొందరు టీచర్లు కింద చూశారు. పిల్లలు మటుకు నన్నే చూశారు. 'నిండు తరగతి' బోర్డు తీసేద్దామంటే ప్రిన్సిపాల్ గారు, "హాజరుకి పెట్టింది పేరండీ మన బడి" అన్నారు. చాలా వాదించాక, జ్వరంతో మానిన పిల్లల్ని లెక్కలోకి తీసుకోకూడదన్నదానికి ఒప్పుకున్నారు. సెంటర్లో టీ కొట్టు దగ్గర, "మాస్టారు ఇప్పుడు తుమ్మితే సెలవిచ్చేస్తున్నారంటండోయ్" అని నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.

ఊళ్ళో సగంమందికి నేను చెప్పింది చేరలేదు. మొదటి మాట అందినంత దూరం రెండోది వెళ్ళదు. ఇది రాయడానికి అదొక కారణం.

ఫిబ్రవరి

ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. వరండాలో హారిక నా గుమ్మం ముందునుంచే వెళ్ళింది. ఆగలేదు. ఏదో పనిమీద వెళుతోందనుకున్నాను. కాసేపటికి రమణి టీచర్ వచ్చింది.

"మాస్టారూ, పాపకి గొంతు పట్టేసిందంటండీ. మింగుడు పడట్లేదంట. నాకొచ్చి చెప్పింది. వెంటనే తీసుకెళ్ళండి."

ఎవరో ఒకరికి చెప్పింది. ముందు అదే అనిపించి, చేతిలో పుస్తకం బల్లమీద పెట్టి బయల్దేరాను. నా గుమ్మం దాటి వెళ్ళి చెప్పిందన్నది దారిలో గుర్తొచ్చింది. బండి నేరుగా అమలాపురం పోనిచ్చాను.

డాక్టరమ్మ అలవాటు ప్రకారం నన్నే అడిగారు.

"ఎప్పట్నించండీ నొప్పి?"

"అమ్మాయే చెబుతుందండీ" అన్నాను.

హారిక నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆవిడతో చెప్పింది.

"నిన్న మధ్యాహ్నం నించండీ. సాయంత్రం నాన్నకి చెబుదామని గదిదాకా వెళ్ళేను. పేపర్లు దిద్దుకుంటున్నారు. తిరిగొచ్చేసేను."

"పోన్లే, ఇవాళైనా చెప్పేవు. ఏం కాదు" అన్నారు డాక్టరమ్మ. గొంతు చూసి మందులు రాశారు. గుండె విని, బాగానే ఉందన్నారు.

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి, చేతిలో ఉన్న పేపరు పూర్తిచేసి తలెత్తాను. ఎవరూ లేరు.

ఇప్పుడు పేపర్లు దిద్దేటప్పుడు కుర్చీ గుమ్మంవైపు తిప్పుకుని కూర్చుంటున్నాను.